మంచు బోర్డుకు రొయ్యపిల్లల పరీక్ష

మా ముత్తుకూరు వైపు మంచు అంటే చేపల పెట్టెల్లో వేసేది. ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలుగా ఆటోలో వస్తుంది, కొట్టి పొడి చేస్తారు, సాయంత్రానికి నీరైపోతుంది. అందుకే పోయిన ఏడాది నేను గుల్మర్గ్‌లో మంచు మీద పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చినప్పుడు, మా వీధి వీధంతా నేను ఐసు ఫ్యాక్టరీలో కాలుజారి పడ్డాననే అనుకుంది. మా అత్తమ్మ కూడా దిద్దలేదు. "మా కోడలు కాళ్లకు పలక కట్టుకుని కొండ మీద నుంచి జారింది" అని చర్చిలో చెప్పి ప్రార్థన చేయించడం కంటే, ఐసు ఫ్యాక్టరీ అనడమే ఆమెకు మర్యాదగా తోచింది.

నా పేరు రూతు. రొయ్యపిల్లల్ని పెంచే హేచరీలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా ఆయన దయాకర్ కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటులో షిఫ్టు ఇంజనీరు. రెండేళ్ల క్రితం అందరిలాగే ప్యాకేజీ టూరులో కాశ్మీరు వెళ్లాం. మిగతావాళ్లు మంచు మీద లాగే బల్లబండ్ల మీద కూర్చుని ఫొటోలు దిగుతుంటే, మేమిద్దరం సరదాకని స్నోబోర్డు నేర్పే మనిషి దగ్గర చేరాం. ఆ సరదా తలకెక్కింది. తెలియనివాళ్లకు చెప్పాలంటే స్నోబోర్డు ఒక పొడవాటి పలక. రెండు పాదాలనూ దానికి పట్టీలతో బిగించి, పక్కవాటుగా నిలబడి వాలు దిగాలి. రెండు అంచులకూ సన్నటి ఇనుపబద్ద ఉంటుంది. బండికి బ్రేకు, స్టీరింగు ఎలాగో, బోర్డుకు ఆ అంచులు అలాగ.

రెండో ఏడాది కొంచెం పని పట్టుబడింది. అప్పుడే మొదలుపెట్టినవాళ్లం కాదు, పూర్తిగా వచ్చేసినవాళ్లమూ కాదు, నడిమధ్యన ఉన్నాం. నడిమధ్యన ఉన్నవాళ్లకే ధైర్యం ఎక్కువ, లెక్క తక్కువ. దేవదారు చెట్ల మధ్య దారి సన్నబడి, ఎండ తగలక గట్టిపడిపోయిన ఒక మలుపు ఉంది. అక్కడ పడ్డాను. కట్టు విప్పాక చేయి బాగైంది గానీ ఆ మలుపు నాతోనే ఊరికి వచ్చేసింది. మెట్లు దిగుతున్నా గుర్తొచ్చేది, బాత్రూములో తడినేల మీద కాలు పెట్టినా గుర్తొచ్చేది.

ఈసారి బయల్దేరే ముందు మా ఆయనతో ఒక మాట ఖాయంగా చెప్పాను. "ఈసారి ఆ మలుపు దాటి కిందికి దిగలేకపోతే ఇంక మంచుకు ఒక దండం. మళ్లీ నన్ను అడగబాకండి."

ఆయన, "అయితే మంచి బోర్డు కొందాం. నీకే," అన్నాడు. అద్దె బోర్డుల వల్లే నేను పడ్డానని ఆయన నమ్మకం. ఏది ఏమైనా నన్ను వదిలిపెట్టి ఒక్కడే కొండకు పోవడం ఆయనకు ఇష్టం లేదని నాకు అర్థమైంది. నాకూ ఆయన్ని పంపించి ఇంట్లో కూర్చోవాలని లేదు.

కీబోర్డు కాదన్నా

అప్పటికే మా ఇంట్లో ఒక బోర్డు ఉంది. బెంగళూరులో ఎవరో అమ్ముతుంటే ఫొటో చూసి ఆయన కొనేశాడు. వచ్చాక చూస్తే పడవంత ఉంది. వరండాలో ఆనించి పెట్టాం. సముద్రపు గాలి సంగతి మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. సైకిలు గొలుసు, కిటికీ చువ్వ, గేటు గొళ్లెం, దేన్నీ వదలదు. వర్షాకాలం దాటేసరికి బోర్డు అంచులు ఇటుకరంగుకు తిరిగాయి. ఆయన గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ తుప్పు పట్టకుండా ఒంటికి రాసినట్టు పైనా కిందా కొబ్బరినూనె దట్టించాడు. గాలికి ఎదురుగా ఏ ఇనుమున్నా మేము చేసే పని అదే కదా. బాగానే చేశాడనుకున్నాను. కొత్తది దొరికేదాకా దీంతోనే నడుపుదామని సంచిలో పెట్టుకుని బయల్దేరాం.

అత్తమ్మ గుమ్మంలో నిలబడి, "చెయ్యి విరగ్గొట్టుకుంది చాలలేదా? ఈసారి కాలు గూడా ఇచ్చేసి రండి," అంది. అలా తిట్టి, తలల మీద చేతులు పెట్టి ప్రార్థన చేసి, రొయ్యల పచ్చడి సీసా ఒకటి నా చేతికిచ్చింది. ఆమె పద్ధతి ఎప్పుడూ అదే వరస.

విమానం ఎక్కడానికి నెల్లూరులో చెన్నై బస్సెక్కాం. కండక్టరు ఆ పొడుగు సంచిని ఒకసారి, నా తెల్లచీరను ఒకసారి చూశాడు.

"ఏం పాస్టరమ్మా, మీటింగులకా? కీబోర్డుకు లగేజీ టికెట్టు తీసుకోవాల."

"కీబోర్డు కాదన్నా. మంచు మీద జారే పలక."

"ఏదైనా గానీ, సీటంత ఉండాది గదా," అని టికెట్టు కొట్టాడు. ఆ తర్వాత ముందు సీటాయన చెన్నై దాకా నన్ను పాస్టరమ్మా అనే పిలిచాడు. వాళ్ల కోడలికి కడుపునొప్పి, ప్రార్థన చేయమన్నాడు. చేశాను. దానికి పలక అడ్డమేముంది.

మా ఆయనకు వెనక సీటు దొరికింది, నా పక్కన మెడలో ఫ్యాక్టరీ కార్డు వేసుకున్న అమ్మాయి కూర్చుంది. తడ దగ్గర కంపెనీలో షిఫ్టుకు పోతోంది. ఫోనులో ఇలాంటి వీడియోలు చూసిందట, సంచి చూడగానే కనిపెట్టేసింది.

"అక్కా, ఎప్పుడన్నా పడినారా?"

"పడినా. మణికట్టు విరిగింది."

"మళ్లీ పోతా ఉండారా?"

"పోతా ఉండా."

ఆ పిల్ల కిటికీ వైపు చూసింది. "నేను స్కూటీ మీద పడి ఏడాదైందక్కా. మళ్లీ ముట్టుకోలా. అందుకే ఈ బస్సు," అంది. తడలో దిగుతూ వెనక్కి తిరిగి, "మీరు బాగా చేస్తే నేను గూడా తీస్తాలే," అని నవ్వింది. నేను బాగా చేసిందీ లేనిదీ ఆ పిల్లకెలా తెలుస్తుందో నేనూ అడగలేదు, ఆ పిల్లా చెప్పలేదు. ఆ మాట మాత్రం నాతో కొండదాకా వచ్చింది.

టంగ్‌మర్గ్‌లో సంగం మనిషి

గుల్మర్గ్ కొండకు కింద టంగ్‌మర్గ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి నుంచి చక్రాలకు గొలుసులు చుట్టిన జీపులే పైకి పోతాయి. జీపు నిండేదాకా ఆగుతూ టీ తాగాం. గులాబీరంగు టీ, అందులో ఉప్పు. ఉప్పుగాలిలో పుట్టి పెరిగినదాన్ని, ఉప్పుకు నేను బెదరకూడదు. అయినా మొదటి గుక్కకు మొహం చిట్లించాను. గిర్దా అనే గుండ్రటి రొట్టెను అందులో ముంచుకుని తింటే మాత్రం గంజన్నంలాగా కడుపులో వెచ్చగా ఉంది. రెండో కప్పు నేనే అడిగాను. పొద్దునపూట ఒక రొట్టె, ఒక టీ కలిపి మా ముత్తుకూరు హోటల్లో ఒక ఇడ్లీ ప్లేటు ధరే.

మేము తెలుగులో పోట్లాడుకోవడం విని, అక్కడ కాపలా ఉన్న జవాను ఒకతను దగ్గరికొచ్చాడు. "మీది నెల్లూరా?" అన్నాడు. అతనిది సంగం, మా జిల్లానే. అన్నకు పెన్న ఒడ్డున వరిమడి ఉందట. అందరూ అడిగేదే అడిగాడు, బ్యారేజీలో నీళ్లున్నాయా అని. ఉన్నాయని చెప్పగానే అతని మొహం విచ్చుకుంది.

సంచిలో ఏముందో చెప్పాను. అతను నమ్మలేదు.

"జారేదానికి అంత దూరం నుంచి వచ్చినారా వదినా? నేను ఈడ జారకుండా నిలబడేదానికే రోజూ చస్తా ఉండా!"

అంతలో బూటు జారి జీపు పట్టుకున్నాడు. ముగ్గురం నవ్వాం. పచ్చడి సీసా మూత తీసి వాసన చూపిస్తే, అతను కాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. అతని టిఫిన్ డబ్బాలో సగం పచ్చడి వంపాను. అత్తమ్మకు ఈ సంగతి తర్వాత చెబితే, "మొత్తం ఇచ్చి రావాల్సింది," అని నన్నే తిట్టింది.

గుల్మర్గ్: గడ్డకట్టిన నూనె

మర్నాడు పొద్దున పిల్లలు నేర్చుకునే చిన్న వాలు మీద మొదలుపెట్టాం. నేను పాదాలు బిగించుకుని, దేవుణ్ణి తలచుకుని, ముందుకు ఒరిగాను. బోర్డు కదల్లేదు. ఇంకొంచెం ఒరిగాను. బోర్డు అక్కడే ఉంది, నేను మాత్రం ముందుకు బోర్లాపడ్డాను. పక్కన ఐదారేళ్ల పిల్లలు జర్రున పోతున్నారు. వాలు మీద కదలకుండా నిలబడగలిగిన ఘనత గుల్మర్గ్‌లో ఆ రోజు నా ఒక్కదానిదే.

బోర్డు విప్పి తిరగేసి చూస్తే అడుగంతా తెల్లగా మైనం పూసినట్టుంది, దానికి జానెడు మంచు అంటుకుని ఉంది. మా ఊళ్లో డిసెంబరులో కూడా సీసాలో కొబ్బరినూనె గలగలమంటూనే ఉంటుంది. అది గడ్డకడుతుందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఇంజనీరు గారి మొహం చూడాలి అప్పుడు.

దాన్ని మోసుకుని బషీర్ అనే ఆయన దుకాణానికి వెళ్లాం. బోర్డులు అద్దెకిస్తాడు, బాగుచేస్తాడు, సీజను చివర్లో కొన్ని అమ్ముతాడు. యాభై దాటిన మనిషి, పొడవాటి ఉన్ని అంగీ లోపల నిప్పులకుండ పెట్టుకుని కూర్చుంటాడు. మా మాటలన్నీ హిందీలో, అంటే నాకొచ్చిన హిందీలో. ఆయన గోటితో అడుగు గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని, మా ఆయన జుట్టు వైపు చూశాడు.

"సార్, తలకు రాసుకునేది దీనికి రాసి, దీనికి రాసేది తలకు రాసుకున్నారా?"

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. మా ఆయనా నవ్వేశాడు, ఇంకేం చేస్తాడు. బషీర్ అదంతా గీకి, వేడి ఇస్త్రీపెట్టెతో అసలు మైనం పూసి, చివరికి తల అడ్డంగా ఊపాడు. తుప్పు అంచుల్ని తినేసింది. పైగా ఆ బోర్డు నాకంటే బాగా బరువైన మగవాళ్లది. నా బూటు దాని అంచులదాకా అందదు, ఇక అంచు మీద బరువు వేయాలంటే ఎక్కడి నుంచి వేస్తాను? "ఇది మీరు నడిపే బోర్డు కాదు మేడం. మిమ్మల్ని నడిపే బోర్డు," అన్నాడు. పోయిన ఏడాది అద్దె బోర్డులోనూ ఇదే తేడా ఉండి ఉంటుందని మా ఆయన నావైపు చూసి తల ఊపాడు. కొంత నిజమే కావచ్చు. మిగతాది నాలో ఉందని నాకు తెలుసు.

మూడు బోర్డులు

నా ఎత్తూ బరువూ చూసి బషీర్ మూడు బోర్డులు తీసి వరసగా పరిచాడు. మూడూ నిలబెడితే నా గడ్డానికీ ముక్కుకూ మధ్య వచ్చేవే.

ఒకటి నల్లది, కొత్తది, తళతళలాడుతోంది. నేల మీద పెడితే నడుము లేచి రెండు కొసలూ ఆనుతాయి. వంచబోతే వంగదు. రెండోది నీలంది, మెత్తన. ఇది దానికి తిరగబడి ఉంది, నడుము ఆని కొసలు లేస్తాయి, ఊయల చెక్కలాగా. మూడోది నారింజరంగు, రెండు సీజన్లు అద్దెకు తిరిగింది, ఒంటినిండా గీతలు. కాళ్ల మధ్య కొంచెం లేచి, కొసల దగ్గర మళ్లీ పైకి తిరుగుతుంది. వంచితే వంగుతుంది, వదిలితే చప్పున నిలబడుతుంది. ఎటు తిప్పి చూసినా ఫలానాదని చెప్పుకోవడానికేమీ లేదు. నేనైతే మొదట దాన్ని పక్కకు జరిపేశాను.

మా ఆయన ఆర్నెల్లుగా వీడియోలు చూస్తున్నాడు. ఆయన నల్లదాని ముందు కూర్చుండిపోయాడు. "నువ్వు పడింది గట్టిమంచు మీద గదా? గట్టిమంచు మీద పట్టు కావాలంటే ఇట్లాంటిదే ఉండాల. కోసుకుంటా పోతాది."

ఆయన మాటలో తప్పేమీ లేదు.

ఆ రాత్రంతా మంచు కురిసి పొద్దునకు ఆగింది. మూడు బోర్డులూ ఒకదాని తర్వాత ఒకటి వేసుకుని చూడమన్నాడు బషీర్. ఆకాశం నీలంగా ఉంది, మోకాలి లోతు కొత్తమంచు, పడినా పరుపు మీద పడినట్టే. నల్లది బాగుంది. నీలంది ఇంకా బాగుంది, తేలిపోయింది. గీతలదీ బాగుంది. మూడూ బాగుంటే ఏం ఎంచుకోను? ఏదైనా ఒకటే అన్నాను.

"అయితే నల్లదే," అన్నాడు మా ఆయన. మర్నాటికి కాగితంలో చుట్టి ఉంచమని బషీర్‌కు చెప్పాడు కూడా. ఆయన ముచ్చట చూసి సరే అన్నాను. లోపల మాత్రం పీకుతోంది. ఆ మలుపు పేరు ఎత్తగానే నా మణికట్టు బిగుసుకుంటోంది. బోర్డు కొనేసి మలుపు దగ్గర కూలబడితే, పోయేది బోర్డు డబ్బులు కాదు, ఇద్దరం కలిసి చేసే ఒకే ఒక్క పిచ్చి పని.

బేసిన్

మధ్యాహ్నం బషీర్ మమ్మల్ని తమతోపాటు తినమన్నాడు. కాశ్మీరులో దుకాణానికి వచ్చినవాళ్లను తినకుండా పంపరు, మనం వద్దన్న కొద్దీ పళ్లెంలో ఇంకో గరిటె పడుతుంది. తెల్లవారుజాము నుంచి ఉడికించి గుజ్జు చేసిన మాంసం, పైన కాగిన నూనె. మేము మిగిలిన పచ్చడి సీసా తీశాం. బషీర్ రొయ్యను వేళ్లతో పట్టుకుని వెలుతురులో చూశాడు.

"ఇది చేపా, పురుగా?"

"మా అన్నం," అన్నాను. తిన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇంకోటి అడిగాడు.

నా పని ఏమిటని అడిగితే చెప్పాను. తొట్లలో లక్షల పిల్లలుంటాయి, కనురెప్ప వెంట్రుకంత ఉంటాయి, రైతులు వచ్చి కొనుక్కుపోయి చెరువుల్లో వదులుతారు. "అన్నీ ఒకేలా ఉంటే మంచివని ఎలా తెలుస్తుంది?" అన్నాడు. మంచి ప్రశ్నే. ప్రతి కొత్త రైతూ అడిగేది అదే.

"తొట్లో చూస్తే తెలియదు," అన్నాను. "తొట్లో శుభ్రమైన నీళ్లు, గాలి, మేత అన్నీ ఉంటాయి. అక్కడ అన్ని పిల్లలూ హుషారుగానే ఈదుతాయి. కొన్నిటిని బేసిన్‌లోకి తీసి, చేత్తో నీళ్లు గిర్రున తిప్పాలి. బలమున్నవి నీళ్లకు ఎదురు ఈదుతాయి, లేకపోతే అంచు పట్టుకుని నిలబడతాయి. బలం లేనివి సుడిలో పడి నడుమ కుప్పపడతాయి. ఉప్పునీళ్లలోంచి తీసి మంచినీళ్లలో కూడా వేసి చూస్తాం. చెరువులో రేపు ఎలాంటి కష్టం వస్తుందో, ఇవాళే పెట్టి చూడాలి. తొట్టి చూసి కొన్న రైతు..."

అక్కడ ఆగిపోయాను. చేతిలో రొట్టె ముక్క అలాగే ఉంది.

మా ఆయన నావైపు చూశాడు. పెళ్లై పదేళ్లైంది, నా మొహం ఆయనకు తెలుసు. "పొద్దున మనం చూసింది తొట్లో గదా," అన్నాడు నెమ్మదిగా.

"తొట్లోనే," అన్నాను.

బషీర్‌ను అడిగాను, ఇక్కడ మంచు బాగా చెడ్డగా ఉండేది ఎప్పుడు అని. ఆయన నా హిందీ తప్పనుకుని రెండోసారి అడిగించుకున్నాడు. అందరూ మంచి మంచు ఎప్పుడని అడుగుతారు, చెడ్డమంచు అడిగినదాన్ని నేనే. సాయంత్రం అందరూ తొక్కాక ముద్దముద్దగా అవుతుందనీ, అదే రాత్రికి బిగుసుకుపోయి పొద్దున ఎండ తగిలేలోపు దున్నిన మడి ఎండినట్టు గట్లుగట్లుగా ఉంటుందనీ చెప్పాడు. "ఆ రెండు వేళల్లో మా వాళ్లు టీ తాగుతారు," అన్నాడు.

మేము బోర్డులు మోసుకుని వెళ్లాం.

సాయంత్రపు ముద్దమంచులో నల్లది నన్ను రెండుసార్లు విసిరేసింది. పట్టు గట్టిదే, అందులో అబద్ధం లేదు. కానీ దానికి నేను నమ్మకంగా బరువు వేయాలి. నేను ఒక్క క్షణం తటపటాయించానా, దాని అంచు ఎక్కడో తగులుకుంటుంది, నేను గాల్లో ఉంటాను. అది భయం లేనివాళ్ల బోర్డు. నీలంది విసరలేదు. మర్నాడు పొద్దున గట్టిమంచు మీద మాత్రం దానికి పట్టే లేదు, నిలబడినదాన్ని నిలబడినట్టే పక్కకు జార్చుకుపోయి వాలు అంచున కట్టిన వల దగ్గర ఆపింది. ఆ రెంటికీ మధ్య గీతల బోర్డు ఉంది. ముద్దమంచులో నీలందానంత తేలిగ్గా పోలేదు, గట్టిమంచు మీద నల్లదానంత కోయలేదు. అయితే జారబోయే ముందు పాదాల కింద చిన్నగా వణికి చెప్పింది. నేను సర్దుకునేదాకా ఆగింది. తటపటాయించినా కోపగించుకోలేదు. మూడుసార్లు దిగాను, మూడుసార్లూ నిలబడే ఆగాను.

మా ఆయన కూడా నల్లదాని మీద ఒకసారి దిగి, నడుము పట్టుకుని వచ్చాడు. "ఏం మే, ఈ గీతలదాన్నేనా నువ్వు పక్కకు జరిపింది?" అన్నాడు.

"మీరు నల్లదాన్ని కాగితంలో చుట్టమని చెప్పలేదా?"

"చెప్పినా. పోయి చుట్టొద్దని చెప్తా పా."

బషీర్ నల్లదాన్ని మళ్లీ గోడకు ఆనిస్తూ, "ఇది మంచిదే మేడం. మూడేళ్ల తర్వాత రండి, ఇస్తాను," అన్నాడు. మూడేళ్ల తర్వాత కూడా నేను వస్తానని ఒక మనిషి అంత మామూలుగా అనేసరికి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పాతది కాబట్టి గీతలది కొత్తదానిలో సగం ధరకే వచ్చింది. మా పడవలాంటి పాత బోర్డును ఆయన దుకాణం ముందు బెంచీ చేసుకుంటానన్నాడు. కూర్చోవడానికైతే అంతకంటే మంచి బోర్డు లేదట.

మలుపు

చివరి రోజు మబ్బు పట్టింది. వెలుతురు సమంగా పరుచుకుని, ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో కంటికి తెలియడం లేదు. నీళ్లు తిప్పిన బేసిన్ లాంటి రోజు. పోనీ మానేద్దామా అని మా ఆయన అడిగాడు, మానేద్దామని నాకూ ఉంది. మానేస్తే ఊళ్లో మెట్లు దిగినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది. ఎక్కుదాం పదండి అన్నాను.

తీగమీద నడిచే డబ్బాలో కొండ నడుమ ఉన్న కొంగ్‌డూరి దాకా ఎక్కాం. పైన బిగించుకున్న పట్టీనే విప్పి మళ్లీ బిగించుకుంటూ కూర్చున్నాను. చలికి పట్టీ బిగుసుకుపోయిందని చెప్పాను. ఆయన నమ్మినట్టే ఉన్నాడు. "నేను ముందు పోయి వీడియో తీస్తా. నువ్వు నిదానంగా రా," అని తన అద్దె బోర్డు మీద వెళ్లిపోయాడు. నన్ను ఒక్కదాన్నే వదిలి పోయాడే అని కోపమొచ్చింది. ఆ కోపంలోనే లేచి నిలబడ్డాను.

మొదటి మలుపులు చెడ్డగా తిరిగాను. పాదాల కింద మంచు గరగరమంటోంది. కళ్లతో చూసి లాభం లేదు కాబట్టి బోర్డు చెప్పేది వినడం మొదలుపెట్టాను. వణికితే మోకాళ్లు వంచాను, నిబ్బరంగా ఉంటే వదిలాను. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే ఒక్కోసారి పక్కన మనిషి పిలిచినా వినపడదు, అలాగ అయింది నాకు. బరువు ఒకసారి మడమల మీద, ఒకసారి మునివేళ్ల మీద, మళ్లీ మడమల మీద. చెట్లు వచ్చాయి, పోయాయి. ఎవరో ఎక్కడో అరిచినట్టుంది, ఎవరినో అనుకున్నాను. ఆ తర్వాత వాలు వెడల్పైంది, పొగ వాసన వచ్చింది, చూస్తే కింద టీ బడ్డీల దగ్గర ఉన్నాను.

పట్టీలు విప్పుకుని కుంకుమపువ్వు వేసిన కాశ్మీరు టీ, కహ్వా, ఒక కప్పు తెచ్చుకుని కూర్చున్నాను. మా ఆయన లేడు. కప్పు అయిపోయింది. ముందు పోయిన మనిషి నా కంటే వెనకెలా ఉన్నాడా అని లేచి చూస్తుంటే, పైనుంచి సగం జారుతూ సగం పడుతూ వస్తున్నాడు. ఒళ్లంతా మంచు.

"ఏంది నువ్వు! చూడకుండా పోయినావే!"

"ఎక్కడ చూడలేదు?"

"ఆడ నిలబడుకోని ఉండా గదా! పడితే పట్టుకుందామని ముందు పోయినా. నీకు అడ్డంగా చెయ్యి గూడా ఊపినా. రెండుసార్లు పిలిచినా. నువ్వు పలక్కుండా నా పక్కనించే పోయినావు. నిన్ను చూస్తా నేను పడినా!"

"ఎక్కడండీ?"

"మలుపులో!"

నేను తిరిగి కొండ వైపు చూశాను. చెట్ల మధ్య సన్నటి దారి, నీడ, అది అక్కడే ఉంది. నేను ఇక్కడ ఉన్నాను. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలియనే తెలియదు. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆయన భుజం మీద మంచు దులుపుతూ ఉండిపోయాను. డబ్బాలు ఆగేలోపు ఇంకోసారి ఎక్కాం. రెండోసారి ఆ మలుపు దగ్గర ఇద్దరం ఆగి, అక్కడ పడి లేవలేక కూర్చున్న ఒక పెద్దాయనకు చేయందించి లేపాం.

ముత్తుకూరు

గీతల బోర్డు ఇప్పుడు మా ముందుగదిలో ఉంది, వరండాలో కాదు. అంచులకు మాత్రమే మెషీను ఆయిలు రాసి, పాత తువ్వాలు చుట్టాం. కొబ్బరినూనె సీసా ఆ ఛాయలకు రాకుండా చూస్తున్నాను.

వచ్చిన రోజు అత్తమ్మ ముందు నా రెండు చేతులూ తడిమి చూసింది, తర్వాత కాళ్లు చూసింది, తర్వాతే కాఫీ పెట్టింది. "ఆ చెయ్యి విరిగిన చోటేదో నాకు చూపించు," అంది. మా ఆయన ఫోను తీసి వీడియో పెట్టాడు. మలుపులో నిలబడి తీసింది. బూడిదరంగు మబ్బు, చెట్లు, దూరంగా ఒక నారింజ చుక్క. చుక్క పెద్దదై నేనయ్యాను. నన్ను నేను అలా చూడటం అదే మొదటిసారి. మోకాళ్లు వంచుకుని, చేతులు తేలిగ్గా వదిలి, వచ్చి, తిరిగి, పోయాను. ఆ వెంటనే ఫోను ఊగిపోయి, ఆకాశం, మంచు, బూటు, వాటి మీద మా ఆయన గొంతు, "రూతూ! రూతూ! జాగర్త!"

అత్తమ్మ కళ్లజోడు సర్దుకుని మళ్లీ పెట్టమంది. రెండోసారి కూడా చివరిదాకా చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఎందుకురా అట్లా అరస్తా ఉండావు? పిల్ల బాగానే పోతా ఉండాది గదా!"